వలలో పడ్డ తెల్లరాయి

నిన్న నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ నా ముందు ఒక చిన్న సీసా పెట్టింది. అందులో చిల్లులు చిల్లులుగా తెల్లటి పలుకులు ఉన్నాయి. చేపల రేవులో జారిపడి విరిగిన నా మోకాలి కింది ఎముక ఇన్ని నెలలైనా అతుక్కోలేదు, ఆ సందులో వీటిని నింపుతారట. సముద్రంలోని పగడపు రాయిని శుద్ధి చేసి తయారుచేస్తారట, ఆ చిల్లుల్లోకి మన ఎముకే మెల్లమెల్లగా పెరుగుతుందట. ఆపరేషనుకు ఒప్పుకున్నట్టు వేలిముద్ర వెయ్యమని వేలికి సిరా అంటించారు గానీ, ఆ వేలిని కాగితం మీద ఆనించలేక కూర్చుండిపోయాను.

మా కాలం వాళ్లకు తెలుసు, వలలో చేప కానిది ఏది పడ్డా అది గంగమ్మ సొమ్ము, దణ్ణం పెట్టి నీళ్లలోనే వదిలేసేవాళ్లు. కాపురానికొచ్చిన కొత్తలో ఒడ్డున వల దులుపుతుంటే, మడతల్లో చిల్లులు చిల్లులుగా ఉన్న తెల్లరాయి ఒకటి నా చేతికి దొరికింది. మడమలు రుద్దుకోవడానికి బాగుంటుందని ఎవరికీ చెప్పకుండా నీళ్లకుండ వెనక దాచుకున్నాను. నాలుగో రోజున పడవను ఒడ్డుకు లాగుతూ మా ఆయన దాని కింద పడ్డాడు, కాలు విరిగింది. కుండ జరిపి రాయి చూసిన మా అత్త వీధంతా వినబడేలా అరిచింది.

"గంగమ్మ సొమ్ము ఇంట్లో పెట్టుకున్నావా అమ్మే! నా కొడుకు కాలు తినేసినావు గదే!"

మంచం మీద నుంచి ఆయన నవ్వాడు.

"రాయేం చేసిందిలేమ్మా, లాగేటప్పుడు నేనే నీ కోడలి వంక చూస్తా ఉండినా."

ఆ సాయంత్రమే మోకాటిలోతు నీళ్లలోకి దిగి రాయి వదిలేసి వచ్చాను. నాటుకట్టుతో ఆ కాలు వంకరగానే అతికింది, ఆయన మళ్లీ సముద్రం మీదకు పోలేదు. వలలు కుట్టుకుంటూ ఒడ్డునే ముసలివాడై పోయినాడు. ఆయన కుంటిన ప్రతి అడుగులో మా అత్త మాటే నాకు వినబడేది.

ఇదంతా ఏడుస్తూ చెబితే డాక్టరమ్మ నవ్వలేదు. పక్కనున్న నా కూతురే, "నాయనుంటే ఏమంటాడో అది చెయ్యమ్మా," అంది. వేలిముద్ర వేసేశాను.

ఇప్పుడు వలల్లో సంచులూ సీసాలూ పడుతున్నాయి, దణ్ణం పెట్టేవాళ్లు లేరు. నన్ను తిట్టిన అత్త లేదు, నవ్విన మనిషీ లేడు. ఇలాంటి వైద్యం ఆ రోజుల్లోనే ఉంటే, నేను దాచిన రాయిలాంటిదే ఆయన కాలు నిలబెట్టేదేమో. ఆలోచించీ ఆలోచించీ అలసిపోయాను. నేను పోయాక బూడిద సముద్రంలోనే కలపమని కూతురికి చెప్పాను. ఈసారి అడిగే తీసుకుంటున్నాను గంగమ్మ తల్లీ, వాడుకుని తిరిగి ఇచ్చేస్తాను.