తడి వల వాసన

మొన్న ఆదివారం బరంపురంలో మా డాక్టరు మిత్రుడి ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు. అతిథులకు చందువా చేప వేపుడు, నాకు వేరుగా పప్పూ వంకాయ కూరా. ఎవరో ఫ్రాన్సు నుంచి తెచ్చిన వైను సీసా బిరడా తీసి, పొయ్యబోయే ముందు మామూలుగానే నా ముక్కు దగ్గర పెట్టారు. నేను తాగను. ఈ వయసు వరకూ ఒక్క చుక్క నాలుక మీద పడనివ్వలేదు. అయినా ఈ ఊళ్లో సీసా బాగోగులు చెప్పాలంటే నన్నే పిలుస్తారు. వాసన చూసి, "ఇది పొయ్యకండి, తడి వల వాసన వస్తోంది" అన్నాను. డాక్టరుగారు ఒక గుక్క నోట్లో వేసుకుని మొహం ముడుచుకున్నారు. "నిజమేనండీ! ఇలాంటి మాటలు మీకు ఎక్కడ దొరుకుతాయండీ?" అన్నారు. "అంతా అనుభవం" అన్నాను. అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

ఆ మాట నాది కాదు, పోలమ్మది. ఆర్యపల్లి నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే మనిషి. ఆమె నాకు గురువని చెప్పుకోవడానికి ఇన్నేళ్లూ నోరు రాలేదు. కారణం అసూయ. దానికి ఇంకో మర్యాదైన పేరు వెతికి చూశాను గాని దొరకలేదు.

అప్పటికి గంజాం జిల్లా ఇంకా మద్రాసు రాజధానిలోనే ఉంది. పెద్దబజారులో మా మేనమామకు దొరల సరుకుల కొట్టు ఉండేది. బిస్కట్లు, డబ్బా వెన్న, జాము, వాటితోపాటు వెనకగదిలో గడ్డి చుట్టిన సీసాలు. ఎర్ర క్లారెట్టు, తెల్ల హాకు, షెర్రీ, పోర్టు, ఇలా వైన్లన్నీ మద్రాసు నుంచి రైల్లో దిగేవి. గోపాలపురం తీరంలో బంగళాలున్న దొరలకు, చుట్టుపక్కల జమీందార్లకు మేమే పంపేవాళ్లం. మావి తరతరాల కోమటి ఇళ్లు. మద్యం అమ్ముతున్నామని కులంలో గుసగుసలు రాకుండా, దాన్ని నోట ముట్టనని మామయ్య ఇలవేల్పు ముందు ఒట్టు పెట్టుకున్నాడు. కూతురిని నాకిచ్చి పెళ్లి చేస్తూ నా చేతా పెట్టించాడు. సాయంత్రం పెరట్లో స్నానం చేస్తే గాని అత్తయ్య మమ్మల్ని వంటింటి వైపు రానిచ్చేది కాదు.

రుచి చూడకపోతే పోయె, వాసనైనా చూడొచ్చు కదా అంటే, మామయ్య ముక్కు నస్యానికి ఎప్పుడో అంకితమైపోయింది. నాకు ముక్కుండీ తెలివి లేదు. కేటలాగులు మాత్రం కంఠతా పట్టాను. ఏ సీసా ఏ దేశానిదో, ఏ మాంసానికి ఏది పొయ్యాలో పుస్తకం చూడకుండా చెప్పేవాణ్ణి. సీసాల గది తాళంచెవి మామయ్య మొలకు వేలాడుతూ ఉండేది. ఆయనకు కొడుకులు లేరు. అది ఎవరి చేతికొస్తే కొట్టు వాళ్లదే. నేను అల్లుణ్ణి, మేనల్లుణ్ణి, ఎఫ్.ఏ. దాకా చదివినవాణ్ణి. అది నాకు తప్ప ఇంకెవరికి అని ధీమాగా ఉండేవాణ్ణి.

పోలమ్మ సంత రోజుల్లో బరంపురం వచ్చేటప్పుడు గోపాలపురం బంగళాల నుంచి మాకు సరుకు చీటీలు తెచ్చేది. చేపల గంప కనుక అరుగు కిందే నిలబడేది. నలభై ఏళ్లుంటాయేమో. మొగుడు రంగూన్‌కు కూలికెళ్లి చాలా కాలమైంది. ఒకరోజు నేను పెట్టె విప్పుతుంటే ఒక క్లారెట్టు సీసా జారి మెట్ల మీద బద్దలైంది. ఆమె ముక్కు ఎగబీల్చి, "ఏటి బాబూ, తడి వల ఎండెయ్యకుండా మూల పడేసినారేటి?" అంది.

నేను పకపకా నవ్వాను. "ఇది ఫ్రాన్సు సరుకు. నీ వలలు మా కొట్లో ఎందుకుంటాయి?"

"ఏ దేశందైతే నాకేటి? మొన్న బంగళాలో దొర పారబోయించిన సీసా కూడా ఇదే కంపు. మంచిదైతే ఇలాగ ఉండదు. నేరేడు పళ్లు తొక్కినట్టుంటాది."

లోపల నుంచి మామయ్య గబగబా వచ్చాడు. అంతకుముందు నెలలో రెండు సీసాలు చెడిపోయాయని బంగళా నుంచి తిరిగొచ్చాయి. ఎందుకు చెడిపోయాయో మాకు అంతుబట్టలేదు. "నీకెలాగ తెలుసే పోలమ్మా?" అన్నాడు.

"వంటోడు అడుగుబొడుగు పోస్తే తాగినాను సావుకారు బాబూ. దాపరికం ఏటి? చందువా ముక్కతో ఆ తెల్లది తాగితే సముద్రం నోట్లోకొచ్చినట్టే. ఎర్రది తాగినానా, ఇనప మేకు నమిలినట్టుంది."

మామయ్య నోరు తెరుచుకుని విన్నాడు. ఇరవై ఏళ్లుగా అమ్ముతున్న సరుకు ఎలా ఉంటుందో ఆయనకు మొదటిసారి తెలిసింది. ఆ రోజు నుంచి మద్రాసు నుంచి కొత్త సరుకు దిగితే ఒక సీసా విప్పి, మట్టి ప్రమిదలో పోసి అరుగు మీద పెట్టించేవాడు. ఆమె కిందనుంచే వంగి వాసన చూసేది. ఒకదానిలో మొగలి పువ్వుందనేది, ఇంకొకదానిలో ఎండిన పీత డిప్పలనేది. నేను అక్కడే నిలబడి కేటలాగులో రాసింది చదవబోతే, మామయ్య చెయ్యి అడ్డంపెట్టి, "ఉండ్రా, ఆవిడ్ని సెప్పనీ" అనేవాడు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ముక్కు ఆమెది, నమ్మకం మామయ్యది, నాకు మిగిలింది అట్టల పుస్తకం. ఇంటికెళ్లాక తలుపేసుకుని అత్తరు, ఇంగువ, కర్పూరం ముక్కు దగ్గర పెట్టుకుని సాధన చేసేవాణ్ణి. నాకు తుమ్ములొచ్చేవి తప్ప మాటలు వచ్చేవి కావు. నా భార్య చూసి నవ్వింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ ఏడు శీతాకాలంలో ఓడల కంపెనీ దొర గోపాలపురం బంగళాలో పగటి విందు పెట్టాడు. అతిథులు మద్రాసు నుంచి వస్తున్నారు. విందు బాగా జరిగితే ఆ ఏడాది సరుకంతా మా కొట్టు నుంచే. "ఒక్క సీసా ఎనక్కి రాకూడదురా. సక్రంగా జరిగిందా, ఈ తాళంచెవి నీ మొలకి కడతాను" అన్నాడు మామయ్య. నా ఆనందం ఇంకా మొహం మీదకు రాకుండానే, "పోలమ్మ ముక్కు దాటిన సీసాయే బల్ల మీదకి ఎల్లాల. మరిసిపోకు" అన్నాడు.

బంగళా వెనక గదిలో బట్లరు, నేను, గుమ్మం బయట పోలమ్మ. పన్నెండు క్లారెట్టు సీసాల బిరడాలు తీశాం. ఆమె ఒక్కొక్కటే వాసన చూసి, తొమ్మిదోది పక్కకు జరిపింది. "ఇది పోయింది."

నేను వాసన చూశాను. ద్రాక్ష వాసనే తగిలింది. మళ్లీ చూశాను. నా ముక్కుకు ఏ వలా రాలేదు, తడీ రాలేదు. "బాగానే ఉంది" అన్నాను.

"సిన్నబాబూ, నా మాటినండి. ఇది తడి వలే."

బట్లరు మా ఇద్దర్నీ చూస్తున్నాడు. వాడి కళ్లముందు నేను చిన్నబోయానని ఒళ్లంతా మండిపోయింది. "చేపలమ్మేదాని ముక్కుకి లోకమంతా నీచు వాసనే. ఇక్కడ పెద్దవాణ్ణి నేను" అని ఆ సీసా తీసి మంచివాటిలో కలిపేశాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది.

దొరల పద్ధతిలో ఇంటి యజమాని ముందుగా తాను ఒక గుక్క రుచి చూసి, తర్వాత అతిథులకు పోయిస్తాడు. ఎంగిలి చేసి పెట్టడం అదేం మర్యాదని నేను చాలాసార్లు ఏవగించుకున్నాను. ఆ రోజు తొమ్మిదో సీసా నేరుగా దొర గ్లాసులోకే పోయింది. కాసేపటికి బట్లరు మొహం మాడ్చుకుని వచ్చాడు. "మద్రాసు పెద్దమనుషుల ముందు దొరగారు ఉమ్మెయ్యాల్సొచ్చింది. ఈ సీసా ఎవరు బాగుందన్నారో అడగమన్నారు."

మామయ్య మొల, దానికి వేలాడే తాళంచెవి కళ్లముందు కదిలాయి.

"నానే బాబూ" అంది పోలమ్మ. "జలుబు సేసింది. తెలీనేదు."

బట్లరుకు నిజం తెలుసు. కాని దొర ముందు చెప్పడానికి వాడికీ ఏదో ఒక పేరు కావాలి. ఆ పేరుతో వెళ్లిపోయాడు. నేను పోలమ్మ వెనకే సరుగుడు తోపులోకి పరుగెత్తాను. "ఎందుకు చెప్పావలాగ?" అన్నాను. కృతజ్ఞత కాదు, కోపంతోనే అడిగాను.

"నీకు తాళంచెవి గావాల గదా బాబూ. నాకెందుకది? నన్ను మీ గది గుమ్మం దాటనిస్తారా ఏటి?" గంప నెత్తికెత్తుకుంటూ అంది. "దొర సూడు, సెడితే ముందు తన నోరే సెడాలని తనే తాగినాడు. అది మర్యాద. నీకింకా ముక్కు పుట్టనేదు. ఆర్యపల్లి రా, సూపిస్తాను."

నింద ఆమె మీదకే పోవడంతో ఆ ఏడాది సరుకు మా కొట్టుకే దక్కింది. సీసా వాసన తెలియనిది చేప నాణ్యం ఏం చెబుతుందని బంగళావాళ్లు ఆమె దగ్గర కొనడం మానేశారు. ఆమె ఆ గంప మోసుకుని ఛత్రపురం వీధులు తిరుగుతోందని నాకు తెలిసింది. అయినా నోరు విప్పలేదు. విప్పకపోగా సిగ్గులేకుండా ఆర్యపల్లి వెళ్లాను. ఎండలో ఆరిన వల, మూడు రోజులు తడిగా చుట్టిపెట్టిన వల రెండూ నా ముక్కుకు పెట్టింది. పీత డిప్పలు, మొగలి రేకులు, ఉప్పు పట్టిన తాడు చూపించింది. "కళ్లు మూసుకో బాబూ. కళ్లున్నంతసేపు ముక్కు పనిసెయ్యదు" అంది. తడి వల వాసన అప్పుడు పట్టుబడింది. ఆ తొమ్మిదో సీసాలో ఉన్నది అదే. నేను వాసన చూసినప్పుడు కూడా అక్కడే ఉంది.

"ఇదంతా నాకెందుకు నేర్పుతున్నావు?" అన్నాను.

"నీకు తెలిస్తే నాను మరిసిపోతానా ఏటి?" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి నా అసూయ చచ్చిపోవాలి. చావలేదు, ఇంకా ముదిరింది. ముక్కు ఒక్కటే అయితే సాధనతో తెచ్చుకోవచ్చు. ఆ నవ్వు ఎక్కడ తెచ్చుకుంటాను?

పది రోజుల తర్వాత మామయ్య మొల నుంచి తాళంచెవి విప్పి నా అరచేతిలో పెట్టాడు. "ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదరా. ఆవిడకిద్దావంటే ఊరు ఊరుకోదు" అన్నాడు. నేను తలెత్తేలోపే, "పోలమ్మకి జలుబు తగ్గిందా?" అని అడిగాడు. "తగ్గింది మావయ్యా" అన్నాను. ఆయన బతికున్నన్నాళ్లూ, కొత్త సరుకు దిగిన ప్రతిసారీ ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు. నేను అదే జవాబు చెబుతూనే ఉన్నాను.

మరుసటి ఏడు మొగుడి దగ్గర నుంచి కబురొచ్చిందని ఆమె గోపాలపురంలో ఓడెక్కి రంగూన్ వెళ్లిపోయింది. తర్వాత ఏమైందో ఎవరూ చెప్పలేదు. నేను ఆమె మాటలతో కొట్టు నడిపాను, పేరు తెచ్చుకున్నాను. ఏ సీసా వాసన చూసినా ముందు ఆమె మాటే వస్తుంది, ఆ వెంటనే పాత మంట రగులుతుంది. అంత పెద్ద నిందను అంత తేలిగ్గా నెత్తికెత్తుకున్న మనిషి మీద ఇప్పటికీ నాకు అసూయే. డాక్టరుగారి ఇంట్లో అడిగినప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు పోలమ్మకు జలుబు చెయ్యలేదు.