వాల్టర్‌కి చెప్పని స్కోరు

2003 అక్టోబర్‌లో నేను లీడ్స్‌లో డిస్ట్రిక్ట్ నర్స్‌గా పనిచేస్తున్నాను. అంటే హాస్పిటల్లో కాకుండా ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్స్‌ని. ఆ నెలలో సెలవులు తప్ప రోజూ పదకొండింటికి ఒకాయన ఇంటికి వెళ్లేదాన్ని. ఆయన్ని ఇక్కడ వాల్టర్ అంటాను. ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇక వైద్యం లేదన్నాక, ఇంట్లోనే ఉంటానన్నారు. నొప్పి మందు సిరింజ్ డ్రైవర్‌తో ఇచ్చేవాళ్లం. అది చేతిలో పట్టే చిన్న పంపు. చర్మం కింద పెట్టిన సన్నటి సూది ద్వారా ఇరవైనాలుగు గంటలూ కొద్దికొద్దిగా మందు పంపిస్తుంది. అందుకే రోజూ ఒకే వేళకు మార్చాలి. దానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఆయనతో నా పరిచయం ఆ ఇరవై నిమిషాలే.

ఆయన అమెరికన్. కుర్రతనంలో ఎయిర్ ఫోర్స్ మెకానిక్‌గా ఇంగ్లండ్ వచ్చి, జీన్‌ని పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. మంచం పక్కన ఒక ఫోటో ఉండేది. ఇద్దరు అబ్బాయిలు, ఒకడి చేతిలో కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి.

"అది మా అన్న ఎడ్డీ. మీ దేశంలో ఈ ఆట ఆడతారా?"

"లేదు. మాకు క్రికెట్."

"అయ్యో పాపం," అన్నారు.

ఆయన చెప్పింది ఇది. యాభైల మొదట్లో, ఆయన ఇక్కడికి వచ్చిన తొలి ఏడు, అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్లో వాళ్ల ఊరి జట్టు, ఇంకో జట్టు టైటిల్ కోసం చివరిదాకా పోటీ పడ్డాయి. ఒక వారం వీళ్లు ముందుంటే మరో వారం వాళ్లు. ఎడ్డీ ప్రతి ఆటకూ వెళ్లి, ఆట మొత్తం ఉత్తరంలో రాసేవాడు. ఉత్తరం ఓడలో రావడానికి రెండు మూడు వారాలు పట్టేది. స్కోర్లు ఆయన పనిచేసే ఎయిర్ ఫోర్స్ బేస్‌లో రేడియోకి అప్పుడే వచ్చేసేవి, కానీ వాల్టర్ వినేవారు కాదు. అన్న ఉత్తరంలోనే తెలుసుకోవాలని పట్టుదల.

"నేను మెస్‌లోకి వెళ్తే అందరూ నోళ్లు మూసుకునేవాళ్లు. ఒకడైతే గబుక్కున వాన గురించి ఎత్తుకునేవాడు. ఈ దేశంలో దానికి కరువేముంది."

చివరి ఆదివారం నాటికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆ రోజు ఆడేది కూడా ఆ రెండే. ఎడ్డీ ఆటకు వెళ్లాడు. కారులో ఇంటికి తిరిగి వస్తుంటే మంచు మీద కారు జారింది. ఇక్కడికి టెలిగ్రామ్ వచ్చింది. ఉత్తరం రాలేదు.

"అయితే ఎవరు గెలిచారో..."

"నాకు తెలీదు. అది వాడు చెప్పాల్సింది. ఇంకొకళ్లు చెప్తే నాకెందుకు?"

గుమ్మం దగ్గర నుంచి జీన్ అందుకున్నారు. "టీవీలో ఆ ఆట వస్తే చాలు, లేచి తోటలోకి పోయేవాడు, ఎవరైనా పాత సంగతులు ఎత్తుతారేమోనని. మా గులాబీలు అంత బాగా పూసేది అందుకే, లవ్." ఇక్కడివాళ్లు ఎవరినైనా లవ్ అనే పిలుస్తారు.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయనకు క్రికెట్ పిచ్చి. "యాభై ఏళ్లా! నేనైతే స్కోరు తెలీకుండా టీ బ్రేక్ దాకా కూడా ఉండలేను, నీకు తెలుసుగా," అన్నారు.

రోగి ఇంట్లోనే ఒక ఫోల్డర్ ఉంటుంది. ప్రతి నర్సూ చేసిన పని అందులో రాసి వెళ్తుంది, తర్వాత వచ్చే నర్స్ అది చదివాకే మొదలుపెడుతుంది. రోగికి ముఖ్యమైన సంగతులకు అందులో ఒక పేజీ ఉంటుంది. నేను ఆ పేజీలో ఇలా రాశాను: 'వాల్టర్ ఇంగ్లండ్ వచ్చిన ఏడు వాళ్ల ఊరి జట్టు ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ టైటిల్ ఎవరు గెలిచారో ఆయనకు ఇప్పటికీ తెలియదు. చెప్పాల్సిన అన్న ఆఖరి ఆట రోజే చనిపోయారు.' ఉన్నది మాత్రమే రాయాలని మాకు నేర్పారు. నేను ఉన్నదే రాశాను. తెలుసుకోవడం ఆయనకు ఇష్టం లేదని మాత్రం రాయలేదు.

శని, ఆదివారాలు నాకు సెలవు. సోమవారం ఫోల్డర్ తెరిస్తే లోపల ఒక ప్రింట్ కాగితం ఉంది. దాని మీద వారాంతంలో వచ్చిన నర్స్ చీటీ అంటించింది: 'ఇది నెట్‌లో దొరికింది. ఆయనకు నువ్వంటే ఇష్టం కదా, నువ్వే చదివి వినిపించు.' చూపు తిప్పుకునేలోపే కాగితం మీది మొదటి రెండు వాక్యాలు చదివేశాను.

"ఏంటది?" అన్నారు వాల్టర్.

ఏదో ఫారమ్ అని సంచిలో పెట్టేసుకోవచ్చు. నోరు రాలేదు. "ఆ ఆదివారం స్కోరు. తప్పు నాది. ఫోల్డర్లో సరిగ్గా రాయలేదు."

ఆయన నా మొహంలోకి చూశారు.

"నువ్వు చదివావా?"

"చదివాను."

"పేకాట వచ్చా నీకు?"

"రాదు."

"తెలుస్తూనే ఉంది. నీ మొహంలో ఏదీ దాగదు. అటు తిప్పు," అని ఆయనే గోడవైపు తిరిగి పడుకున్నారు.

పేజీలో 'ఎవరూ చెప్పకూడదు' అని చేర్చాను. కాగితం ఆఫీసుకి తీసుకెళ్లి చింపేశాను. తర్వాత రెండు రోజులూ నేను తల వంచుకుని పని చేసుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని పడుకునేవారు. వచ్చేస్తుంటే జీన్ తలుపు దగ్గర ఆపారు. "కోపం కాదు, లవ్. భయం. నీ నోటి నుంచి ఎక్కడ జారుతుందోనని." వేరే నర్స్‌ని పంపమని అడిగాను. డ్యూటీల రోటాలో ఎవరూ ఖాళీ లేరు.

గురువారానికి ఆయన గొంతు బాగా సన్నబడింది. కొత్త సిరింజ్ బిగిస్తుంటే నా మణికట్టు పట్టుకున్నారు.

"ఒక్కటి అడుగుతాను. అంతకు మించి ఒక్క మాట చెప్పకూడదు."

"చెప్పను."

"మంచి ఆటేనా?"

చదివిన రెండు వాక్యాలు గుర్తు చేసుకున్నాను. "మంచి ఆట. ఆఖరి నిమిషం దాకా తేలలేదు."

ఆయన చెయ్యి వదల్లేదు. "అయితే ఎడ్డీ చివరిదాకా ఉండే ఉంటాడు. ముందే లేచిపోయే రకం కాదు." కాస్త ఊపిరి తీసుకుని, "దారిపొడుగునా అదే తలుచుకుని ఉంటాడు. చాలు," అన్నారు.

శనివారం ఉదయం పోయారు. అప్పుడు వెళ్లింది ఆ చీటీ అంటించిన నర్సే. ఆఖరి పేజీలో ఆమె ఆయన పోయిన టైము రాసి, జీన్ పక్కనే ఉన్నారని రాసి, కింద ఇంకో వాక్యం రాసింది: 'స్కోరు చెప్పలేదు.'

అప్పటి నుంచి ఎవరి ఫోల్డర్లోనూ 'ఆయనకు తెలియదు' అని రాసి వదిలేయలేదు. తెలుసుకోవాలని ఉందా అని అడిగి, ఆ జవాబు కూడా రాస్తున్నాను.

పోయిన ఏడాది మా ఆయన హాస్పిటల్లో పోయారు. అప్పటికి నేను ఇంకా దారిలోనే ఉన్నాను. ఆయన ఆఖరి గంటల గురించి వార్డులో రాసిన నోట్స్ అడిగితే ఇస్తారు. ఏ ఫారమ్ నింపాలో నాకు తెలుసు. ఇంకా నింపలేదు. ఎప్పుడైనా ఆ వార్డు నర్స్ కనిపిస్తే మాత్రం ఒక్కటి అడగాలని ఉంది. ఆ మధ్యాహ్నం మా ఆయన క్రికెట్ స్కోరు అడిగారా అని.