తెల్ల రిమోటూ మాడురంగు రిమోటూ

మా మరిది జాలిపడి నా చేతిలో ఓడిపోయిన రోజున వచ్చినంత కోపం, జీడి మిషను నా బొటనవేలి నరం తెంపిన రోజున కూడా నాకు రాలేదు.

మరిదంటే మా ఆయన తమ్ముడు. పట్టాళంలో ఉద్యోగం. మా ఉద్దానం ఊళ్ళల్లో ఇంటికొకడు పట్టాళంలో ఉండడం మామూలే. ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ట్రంకుపెట్టెలో ఏదో ఒక వింత తెచ్చేవాడు. ఒక ఏడు ఫ్లాస్కు, ఒక ఏడు ఉన్ని రగ్గు. పలాసలో కూడా సెల్‌ఫోను పట్టుకున్నవాణ్ణి జనం ఆగి చూసే రోజుల్లో, టీవీకి తగిలించి ఆడే వీడియో గేము తెచ్చేడు. పెట్టె ఒకటి, దానికి వైర్లతో రెండు రిమోట్లు. వాటికి అసలు పేరేదో ఉందట, మేం మాత్రం రిమోటనే అనేవాళ్ళం. ఎడమపక్క కూడిక గుర్తులాగ ఒక మీట. దాన్ని ఎడమ బొటనవేలితో నొక్కితే తెర మీది మనిషి ఎటు కావాలంటే అటు పోతాడు. కుడిపక్క రెండు ఎర్ర గుండీలు, బంతి తన్నడానికి.

అందులో చాలా ఆటలున్నా మాకు పట్టింది ఫుట్‌బాలు ఒక్కటే. మా అత్త కూడా తమలపాకు నములుతూ వచ్చి కూర్చునేది. "ఆ నిక్కర్లోళ్ళకి తిండెవుడు పెడతన్నాడే, అలగ పరిగెడతన్నారు?" అని అడిగేది.

నేను మూడో తరగతిలోనే బడి మానేసినదాన్ని. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను. కానీ చిన్నప్పట్నించీ జీడిపిక్కల మధ్యే పెరిగేను కాబట్టి నా వేళ్ళు మాత్రం నాకంటే ముందే అన్నీ చేసేసేవి. నాలుగు రోజుల్లో మరిదిని ఓడించేను. వాడు నమ్మలేక, ఇంకోసారంటే ఇంకోసారని, అన్నం చల్లారిపోయేదాకా ఆడేడు. అప్పట్నించీ వాడి సెలవంటే మా ఇద్దరి పందెమే.

ఒక తప్పు మాత్రం చేసేను. జీడి కొట్టేటప్పుడు సొన తగిలి చర్మం ఊడిపోకుండా వేళ్ళకి బూడిద అద్దుకోవడం మాకు అలవాటు. ఆటలో చెయ్యి చెమట పట్టిందంటే చాలు, పక్కన కొబ్బరిచిప్పలో పెట్టుకున్న బూడిదలో వేళ్ళు ముంచేసేదాన్ని. మరుసటేడు వచ్చి చూస్తే నా రిమోటు గుండీలు కిందికి దిగవు. మరిది మరలు విప్పి లోపల చూసి తల కొట్టుకున్నాడు.

"ఇది రిమోటా వదినా, పొయ్యా?"

ఆ చచ్చిన రిమోటుని ఎందుకో పారెయ్యలేదు, సంచిలో పెట్టుంచేను. మరిది దాని బదులు అలాంటిదే ఇంకోటి తెచ్చిచ్చేడు.

ఆ తరవాతి ఏడు, వాడు రావడానికి రెండు నెలల ముందు, నా వేలు పోయింది. అప్పటికి మేం పనిచేసే చోట సుత్తి తీసేసి కాలితో తొక్కే కత్తెర మిషన్లు పెట్టేరు. ఎడమచేత్తో పిక్క పెట్టాలి, కాలితో తొక్కాలి, పెంకు విడిపోతుంది. ఎవరో పిలిచినట్టనిపించి తల తిప్పేను. వేలు కత్తుల మధ్య ఉండగానే కాలు తొక్కేసింది. అలవాటైన కాలు కదా, నా మాట కోసం ఆగలేదు. టెక్కలి ఆసుపత్రిలో కుట్లేసేరు. కట్టు విప్పేక చూస్తే వేలు ఉంది గానీ వంగడం మానేసింది. గోడకి కొట్టిన మేకులాగ నిలబడిపోయింది.

అప్పట్నించీ ఇంట్లో అందరికీ నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నొప్పికంటే అదే ఎక్కువ బాధించింది. మా అత్త కత్తిపీట అటకమీద పెట్టేసింది. మా ఆయన నీళ్ళ బిందె నా చేతిలోంచి లాక్కున్నాడు. పనికి వెళ్తే మేస్త్రి, "నువ్విప్పుడు రాకమ్మా, ఇంట్లో కూకో" అన్నాడు. దారిలో కనిపించినోళ్ళు ముందు నా మొహం చూసేవారు కాదు, చెయ్యి చూసేవారు. చెయ్యి పోయిన మనిషి అని ఇంట్లో ఒక మూల నాకు పీట వేసేసినట్టే ఉండేది.

అలాంటప్పుడు మరిది వచ్చేడు. వాడైనా మామూలుగా ఉంటాడనుకుని రిమోటు తీసేను. బొటనవేలి బదులు చూపుడువేలితో మీట నొక్కుతూ ఆడేను. వేలు జారిపోతోంది, తెర మీది మనిషి గోడకేసి పరిగెడుతున్నాడు. అయినా నాలుగు గోల్సు పడ్డాయి, నాలుగూ నావే.

"గెలిసీసినావు వదినా" అన్నాడు.

నిజంగా ఆడేటప్పుడు మరిది భుజాలు బంతి ఎటుపోతే అటు వాలేవి. నాలిక ఎడమ పక్కనుంచి బయటికొచ్చేది. ఆ రోజు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"నీ నాలికేదీ?" అనడిగేను.

"ఏటి?"

"ఆడినప్పుడు బయటికొచ్చీది కదా. ఈయేల నోట్లోనే ఉండిపోనాదేటి?"

తల వంచుకున్నాడు. "ఏటి సెయ్యమంటావు వదినా? ఒంటిసేత్తో ఆడతన్నదాన్ని ఓడించీమంటావా?"

"ఓడించీ. సేతనైతే నూరుసార్లు ఓడించీ. జాలి మాత్రం నా ఎదర పెట్టకు. నీ సెలవు ఇంకెన్నాళ్ళుంది?"

"ఎనిమిది రోజులు."

"ఈలోపల నీ నాలిక బయటికి తీయించకపోతే నేను జీడి కొట్టిన మనిషినే కాదు."

మర్నాడు చచ్చిన రిమోటు సంచిలో వేసుకుని బస్సెక్కుతుంటే మా ఆయన అన్నాడు, "ఆటవస్తువు కోసం పలాసా? ఆ వేలికి తైలమైనా కొనుక్కో." తైలం రెండు నెలలు రాసేను, అది వినలేదని చెప్పి వెళ్ళిపోయేను.

పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో టీవీలు బాగుచేసే కొట్టొకటుంది, ఈ గేము సామాన్లు కూడా అమ్మేవాళ్ళు. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి కూర్చునేవాడు.

"పిల్లలకా అమ్మా?"

"నాకే బాబూ."

కళ్ళజోడు పైకెత్తి ఒకసారి చూసేడు. నేను పాత రిమోటు వైరు చివర చూపించి, తొమ్మిది కన్నాలున్నది కావాలని చెప్పేను. ముందు పెట్టెతో వచ్చేలాంటిదే చూపించేడు. వద్దన్నాను. అప్పుడు పైనుంచి రెండు అట్టపెట్టెలు దించేడు. ఇవి గేము చేసే కంపెనీవి కావట, వేరే కంపెనీలు రిమోట్లు మాత్రమే చేస్తాయట, అందుకే వీటిమీద శ్రద్ధా ఎక్కువ, ధరా ఎక్కువ అన్నాడు.

ఒకటి తెల్లది. పాలమీగడలాగుంది. అరచేతిలో ఇమిడిపోయింది, గుండీలు నొక్కితే వెన్నలో వేలు పెట్టినట్టుంది. రెండోది ఇంగువ రంగులో, వడ్డనపీటంత వెడల్పు, అడుగున రేకు, మధ్యలో ఆటో గేరులాగ ఒక కర్ర నిలబడి, దాని తలమీద గోలీకాయంత ఉండ.

నా జీవితమంతా జీడిపప్పు ఏరేను. మా దగ్గర తెల్లగా, మచ్చలేకుండా ఉన్న గుళ్ళు మేలురకం. వేపుడు ఎక్కువై రంగు మారిన పప్పుని మాడుపప్పని విడిగా పోస్తాం. ఆ ఇంగువరంగు దాన్ని చూడగానే నా చెయ్యి దాన్ని పక్కకి తోసేసింది. తెల్లదే మేలురకమని మనసులో ముద్ర పడిపోయింది. ఆడి చూడాలని కూడా తోచలేదు. తీసుకుని వచ్చేసేను.

ఇంటికొచ్చి తగిలించేను. ఎంత తెల్లగా ఉంటేనేం, ఎడమపక్క అదే మీట, దానికి అదే బొటనవేలు కావాలి. పైగా పాతదానికంటే నున్నగా ఉండడంతో చూపుడువేలు ఇంకా జారిపోయింది. మరిది మళ్ళీ ఫొటోకి కూర్చున్నాడు. ఆట మధ్యలోనే వైరు పీకేసి లేచిపోయేను.

"పోన్లే వదినా, సూడ్డానికి బాగుంది" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

రెండు రోజులు దాని మొహం చూడలేదు. మూడోనాడు పొద్దున్న బోరింగు దగ్గరికెళ్ళేను. పక్కింటి వదిన, "ఒగ్గీ, నీకెందుకు, నేను కొడతాను" అని చెయ్యి చాచింది.

"నీ బిందె నువ్వు సూసుకో" అని ఎడమచేత్తోనే పట్టుకుని కొట్టేను. కోపంగా కొట్టేను కాబట్టి నీళ్ళు కూడా కోపంగానే వచ్చేయి. బిందె సగం నిండేక చెయ్యి చూసుకున్నాను. నాలుగు వేళ్ళూ పిడికిలి బిగించి బోరింగు కర్ర పట్టుకున్నాయి. వంగని వేలు పక్కకి నిలబడి చోద్యం చూస్తోంది, దానితో పనే లేదు. బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తేను. కొట్లో కర్ర నిలబడిన ఆ మాడురంగు పెట్టె కళ్ళముందు కదిలింది.

మళ్ళీ బస్సెక్కి వెళ్తే కొట్టాయన తెల్లదాన్ని చూసి, "వాడిన సరుకు తిరిగి తీసుకోను" అన్నాడు.

"నువ్వు జీడిపప్పు కొంటే ఒకటి నోట్లో వేసుకోకుండా కొంటావా బాబూ?"

"అది తిండి వస్తువు."

"రుచి సూడనిచ్చీదానికి తిండేటి, ఆటేటి? ఆయేల నువ్వు టీవీకి తగిలించి ఆడమన్నట్టయితే నేను దీన్ని మోసుకెళ్ళేదాన్నే కాదు. గీత పడిందేమో సూడు, పడితే నేనే ఉంచుకుంతాను."

కొట్లో నిలబడ్డ ఇద్దరు నవ్వేరు. ఆయన తెల్లదాన్ని తిప్పి తిప్పి చూసి, గీత దొరక్క, మాడురంగువి రెండు దించేడు.

"ఇవెవరూ కొనలేదమ్మా. ఎప్పుడో తెప్పించేను, రంగు చూసి అందరూ వదిలేస్తున్నారు."

"మాడుపప్పు సూపుకే తక్కువ బాబూ, పంటికి తక్కువ కాదు. టీవీ ఎయ్యి."

ఈసారి కళ్ళు మూసుకున్నాను. పొట్టు తీసేటప్పుడు నేను కళ్ళతో చూడను, వేళ్ళతోనే చూస్తాను, అలాగే చూసేను. మొదటిదాని కర్ర ఒకవైపు వాల్చి వదిలితే నడుమకి రావడానికి తడుముకుంది. రెండోది వదలగానే టక్కుమని వచ్చి నిలబడింది. మూలలకి తోసినా చప్పుడు అరచేతిలో తెలుస్తోంది. అడుగున నాలుగు రబ్బరు కాళ్ళు, ఒడిలో పెట్టుకున్నా జారడంలేదు, దాని బరువే దాన్ని పట్టుకుంటోంది. కుడిపక్క గుండీలు నా కుడిచేతికెలాగూ బాగానే ఉన్నాయి. వైరు చివర కన్నాలు లెక్కపెట్టేను. తొమ్మిది.

"ఇది" అన్నాను.

ఇంటికెళ్ళేసరికి మరిది టెక్కలిలో స్నేహితుడి పెళ్ళికని మూడు రోజులు పోయేడు. మంచిదే అయింది. ఆ మూడు రోజులూ మా అత్తని ఎదర కూర్చోపెట్టుకుని ఆడేను. మొదట కుడికి తొయ్యాలంటే ఎడమకి తోసేదాన్ని. మణికట్టు నొప్పెట్టి రోటి పచ్చడి నూరినట్టయ్యేది. మా అత్త తన మనుషులు ఏ రంగువాళ్ళో కూడా తెలుసుకోకుండా నా మీద రెండు గోల్సు వేసింది. చెమటకి చెయ్యి జారుతోందని కొబ్బరిచిప్ప కోసం చూస్తే కనపడలేదు.

"దాసీసినాను. దీన్లో గానీ బూడిద పోసినావంటే నిన్నే తోమీగలను" అంది.

మరిది బయల్దేరాల్సిన ముందురోజు మధ్యాహ్నం, కరెంటు పోకముందే రమ్మని పిలిచేను. నా ఒడిలో పెట్టె చూసి, "ఇదేటి వదినా, అట్లపెనమా?" అన్నాడు. పిడికిలి బిగించి కర్ర పట్టుకున్నాను.

మొదట ఫొటోకే కూర్చున్నాడు. నేను బంతిని ఒక పక్కనుంచి మూలకి తీసుకెళ్ళి, అక్కడినుంచి వెనక్కి తిప్పి గోలేసేను. వాడు తెర వైపు ఒకసారి, నా చెయ్యి వైపు ఒకసారి చూసేడు. సర్దుకుని కూర్చున్నాడు. రెండో గోలు కూడా నేనే వేసేసరికి చొక్కా చేతులు పైకి మడిచేడు.

"ఆగు ఆగు. ఇంక సూడు."

భుజాలు వాలడం మొదలయ్యేయి. ఒక గోలు కొట్టేడు. నాకు బంతి దొరక్కుండా ముగ్గురి మధ్య తిప్పి ఇంకోటి కొట్టేడు. సమానమైపోయింది. నా మణికట్టు మండిపోతోంది, ఆపలేదు. వాడి మొహం ఓరగా చూసేను. నాలిక బయటికొచ్చింది. ఎడమ పక్కనుంచి, చివర ఎర్రగా.

అది చూడ్డానికి తల తిప్పినందుకే మూడో గోలు కొట్టేసేడు. ఆట అయిపోయింది. మంచం మీదినుంచి ఎగిరి గంతేసి వాకిట్లోకంటా వినపడేలాగ అరిచేడు.

"ఏటి వదినా! కర్ర తెచ్చినావు, కాసుకోలేకపోనావు! సెయ్యి బాగునేదని మాత్రం సెప్పకు, సెయ్యి బాగానే ఉంది, నీ సూపే ఎటో పోనాది!"

రెండు నెలల తరవాత ఒక మనిషి నన్ను నోరారా ఎక్కిరించేడు. నేను పెట్టె మీద తల ఆనించి కళ్ళమ్మట నీళ్ళు కారేలాగ నవ్వేను. వాడు ముందు కంగారుపడి, తరవాత తనూ నవ్వేడు.

పెరట్లోంచి మా అత్త గొంతు వినిపించింది. "ఓడిపోనావు కదే, ఇంక సంబడం సాల్లే. బేగి రా. పనసకాయ ఈ సిన్నకత్తితో నా వల్ల అవట్లేదు. ఆ కత్తిపీట దించు."

"అటకమీదున్నాది కదే, నేను దించుతాను" అని మా ఆయన లేవబోయేడు.

"నిన్నెవుడు పిలిసేడు?" అంది మా అత్త.

పీటేసుకుని ఎక్కి కత్తిపీట నేనే దించేను. జిగురు అంటకుండా రెండు చేతులకీ నూనె రాసుకున్నాను, వంగని వేలికి కూడా.