తలుపు వేసి చెప్పే మాట

మా మేనత్త పోయిన మంగళవారం ఉదయం తెనాలిలో కన్నుమూశారు. బాపట్లలో ఆఫీసుకి బయలుదేరుతూ చెప్పులు తొడుక్కుంటుంటే మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, అత్తయ్య పోయారు" అని, ఇంకేమీ మాట్లాడలేక పెట్టేసింది. పది నిమిషాల్లో సంఘం వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో, కింద ప్రభువు పిలుపు అందుకున్నారన్న మాట వచ్చాయి. వయసు ఎనభై ఒకటి. గుండె జబ్బు రెండేళ్ళుగా ఉంది. ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. అయినా నేను చెప్పులు విప్పేసి గడప మీద కూర్చున్నాను.

తెనాలిలో ఆమె ఇంటి ముందు వేసిన కుర్చీల్లో ఇద్దరు సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. చాలా కఠినమైన మనిషని, తప్పు కనపడితే ఎంతటివాళ్ళనైనా వదిలేది కాదని ఒకాయన అన్నారు. రెండో ఆయన ఒప్పుకోలేదు. మరీ మెత్తన అని, ఎలాంటివాళ్ళనైనా ఇంట్లోకి పిలిచి అన్నం పెట్టేదని, అందుకే కొందరికి భయం లేకుండా పోయిందని ఆయన బాధ. ఇద్దరూ ఆమెను నలభై ఏళ్ళుగా ఎరిగినవాళ్ళే. ఎవరిది నిజమో చెప్పమన్నట్టు నా వైపు చూశారు. ఆమె కాఠిన్యం, ఆమె మెత్తదనం రెండూ నా బతుకు మీదుగానే నడిచాయి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమెది రేపల్లె. పెళ్ళయిన నాలుగేళ్ళకే మామయ్య పోయారు. పిల్లల్లేరు. అమృతలూరులో కొన్నాళ్ళు, తర్వాత తెనాలిలో రిటైరయ్యేదాకా ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేశారు. ఆదివారాలు చర్చిలో సండే స్కూలు ఆమెదే. నా చిన్నప్పుడు మేం తెనాలిలోనే ఉండేవాళ్ళం కాబట్టి నేనూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆమె ఎవర్నీ తోటి పిల్లల ముందు తిట్టేవారు కాదు. "ఇలా రా" అని చర్చి వెనక గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, తాను చిన్న పీట మీద కూర్చునేవారు. అప్పుడు ఆమె ముఖం మా ముఖానికి సమానంగా వచ్చేది. ఒకసారి బైబిలు వాక్యాల పరీక్షలో నేను అరచేతిలో రాసుకొచ్చాను. తలుపు వేశాక ఆమె నా చేయి పట్టుకుని విప్పి చూసి, "నువ్వు మోసం చేశావు" అన్నారు. అల్లరి అనలేదు, పొరపాటు అనలేదు. ఆ మాటకి నేను ఏడ్చాను. ఏడుపు ఆగేదాకా ఉండి, తలుపు తీశారు. తీశాక ఆ సంగతి అక్కడితో సరి. మా అమ్మతో కూడా చెప్పలేదు. ఆ గది కంటే బెత్తం దెబ్బలే నయమని మేం అనుకునేవాళ్ళం.

పెద్దవాళ్ళ దగ్గర ఆమె పద్ధతి ఇంకో రకం. స్త్రీల కూటంలో ఎప్పుడైనా అక్కడ లేని మనిషి సంగతి వస్తే, అదీ ప్రార్థన విన్నపం పేరుతోనే వచ్చేది, ఆమె లేచి చెప్పులు వేసుకునేవారట. "పదండి, వాళ్ళింటికే వెళ్దాం" అనేవారట. ఎవరూ కదిలేవారు కాదు. ఆమె ఒక్కరే వెళ్ళేవారు. ఒకసారి ఒకరి కూతురు చెప్పాపెట్టకుండా ఎవరితోనో వెళ్ళిపోయిందని కూటమంతా గుసగుసలాడుతుంటే, ఆమె ఆ తల్లి దగ్గరికి వెళ్ళి, పొయ్యి వెలిగించి, అన్నం వండి పెట్టి వచ్చారు. ఇది మా అమ్మ చెప్పిందే. చెప్పేటప్పుడు మా అమ్మ గొంతులో మెప్పు కంటే చిరాకే ఎక్కువ ఉండేది.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఆమె గురించి రాస్తే అది అబద్ధమవుతుంది.

నాకు ఉద్యోగం బాపట్లలో వచ్చింది. పెళ్ళయింది. నా భార్యది రేపల్లే, అత్తయ్య చూసిన సంబంధమే. నేను తాగను. తాగి కొట్టానని చెప్పుకుంటే సగం తప్పు సీసా మీదకి పోతుంది, నాకు ఆ వీలు కూడా లేదు. చర్చిలో పాటల బృందంలో ముందు వరసలో నిలబడి పాడేవాణ్ణి. ఇంటికొచ్చి, కూర చల్లారిందనో, వాళ్ళమ్మతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడిందనో నా భార్య మీద చేయి చేసుకునేవాణ్ణి. ప్రతిసారీ తర్వాత ఏడ్చేవాణ్ణి, మోకాళ్ళ మీద ప్రార్థన చేసేవాణ్ణి. ఆమెను కూడా పక్కన మోకరించమనేవాణ్ణి. పెళ్ళయిన నాలుగో ఏడు ఒక చెంపదెబ్బ ఎడమ చెవి మీద పడింది. ఆ రోజు నుంచి ఆ చెవి సరిగా వినపడలేదు.

ఆ నెలలోనే రేపల్లెలో బంధువుల పెళ్ళి. అక్కడ ఎవరు పలకరించినా నా భార్య తల పూర్తిగా తిప్పి, కుడి చెవి ఇచ్చి వినడం అత్తయ్య చూశారు. జనంలో ఏమీ అడగలేదు. రెండో రోజు పొద్దున్నే తెనాలిలో రైలెక్కి బాపట్ల వచ్చేశారు. మేం టిఫిన్ చేస్తున్నాం. ఆమె లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, వీధి తలుపు వేశారు.

"అమ్మాయి చెవికి ఏమైందిరా?" అన్నారు.

స్నానాల గదిలో జారిపడిందన్నాను. ఆమె నా భార్య వైపు చూడలేదు, నన్నే చూస్తూ ఉన్నారు.

"ఏమైందో నాకు తెలుసు. నువ్వు చెప్తావా లేదా అని అడుగుతున్నాను."

నాకు కోపం వచ్చింది. తప్పించుకోవడానికి ఎదురుగా ఏం కనపడితే అది పట్టుకుంటాం కదా. నేను వాక్యాన్ని పట్టుకున్నాను. ఒకరికొకరం తీర్పు తీర్చుకోకూడదని చిన్నప్పుడు మీరే కదా నేర్పారు అత్తయ్యా అన్నాను.

ఆమె తొందరపడలేదు. "తీర్పు దేవుడిదేరా. నేను దాని జోలికి పోను. నువ్వు ఎలాంటివాడివో, చివరికి ఏమవుతావో నాకు తెలీదు. నువ్వు చేసింది మాత్రం తెలుసు. పెళ్ళాన్ని కొట్టి చెవి పోగొట్టావు. ఈ పూట అమ్మాయి నాతో వస్తుంది. దాన్ని తీర్పు అనరు. ఇల్లు అంటుకున్నప్పుడు లోపలున్న మనిషిని బయటికి తీసుకురావడం అంటారు."

తర్వాత నా భార్యని, "వస్తావా అమ్మా?" అని అడిగారు. ఆమె లోపలికి వెళ్ళి ఒక సంచీతో వచ్చింది. ఆ సంచీ ముందే సర్ది పెట్టుకుని ఉందని ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఎన్నాళ్ళ నుంచి సర్ది ఉందో ఈ రోజుకీ తెలీదు.

వెళ్ళేముందు గుమ్మంలో ఆగి అత్తయ్య ఇంకో మాట చెప్పారు. ఈ సంగతి పాస్టరుగారికి నేనే చెప్పాలని, ఆదివారం దాకా చూస్తానని, చెప్పకపోతే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే చెప్తానని. నా వెనక మాత్రం చెప్పనని. శనివారం సాయంత్రం వెళ్ళి చెప్పాను. పాటల బృందం నుంచి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం నుంచి కొంతకాలం దూరంగా ఉండమన్నారు. చర్చిలో వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. నాకు అటూ ఇటూ ఖాళీగా ఉండేది.

మా వాళ్ళంతా అత్తయ్య మీద పడ్డారు. సొంత అన్న కొడుకు కాపురం కూల్చిందన్నారు. మా అమ్మ ఆరేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. క్షమించడం కంటే గొప్ప ధర్మం ఏముందని, అమ్మాయికి నచ్చజెప్పి పంపమని పెద్దలు తెనాలి వెళ్ళి కూర్చున్నారు. ఆమె వాళ్ళకి కాఫీలిచ్చి, "క్షమించమని ఆ అమ్మాయికి చెప్పే హక్కు నాకు లేదండి. దెబ్బ నాకు తగల్లేదు" అన్నారట. చెవి డాక్టరుకి చూపించారు, ఆలస్యమైపోయిందన్నారు. ఆ చెవి మరి రాలేదు. నా భార్య కూడా రాలేదు. రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో పని చూసుకుంది. తర్వాత మేం కోర్టులో విడిపోయాం.

పెద్దలు చూడని భాగం ఇంకొకటి ఉంది. నా భార్యను తీసుకెళ్ళిన వారమే, శనివారం మధ్యాహ్నం, అత్తయ్య అన్నం కారేజీతో మళ్ళీ బాపట్ల వచ్చారు. నేను తలుపు తియ్యలేదు. ఆమె మెట్టు మీద కాసేపు కూర్చుని, కారేజీ అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. రెండో వారం అంతే. మూడో వారమూ అంతే. అన్నం తిన్నాను గానీ తలుపు తియ్యలేదు. నాలుగో వారం తీశాను. ఆమె లోపలికి వచ్చి కంచంలో వడ్డిస్తూ, "ఈ వారం కోపం వచ్చిందా? ఎవరి మీద?" అని అడిగారు. అప్పటి నుంచి దాదాపు మూడేళ్ళు, ఒంట్లో బాగున్న ప్రతి శనివారం అదే ప్రశ్న. నేను చెప్పేవాణ్ణి. ఎక్కువగా ఆమె మీదే వచ్చేది, అదీ చెప్పేవాణ్ణి. ఆమె తల ఊపి, ఇంకొంచెం పప్పు వేసేవారు. పోనీలే అని మాత్రం ఏనాడూ అనలేదు.

ఒక శనివారం అడిగాను, నన్ను చూస్తే మీకు అసహ్యం వేయట్లేదా అని. అప్పుడు ఆమె నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

ఆమెకి ముప్పై ఏళ్ళప్పుడు స్త్రీల కూటానికి ఒక యువతి వచ్చేదట. పెళ్ళయి పిల్లలున్న మనిషితో ఆ పిల్లకి సంబంధం ఉందని తెలిసింది. నిజమే. అత్తయ్య కూటం చివర ప్రార్థన చేస్తూ, ఈ సహోదరి ఈ పాపం విడిచిపెట్టేలా చేయి ప్రభువా అని పేరుతో సహా గట్టిగా ప్రార్థించారు. కళ్ళు తెరిచేసరికి తాము కూర్చున్న చాప మీద ఆ పిల్ల లేదు. మళ్ళీ చర్చి మొహం చూడలేదు. ఏళ్ళ తర్వాత వేటపాలెంలో జీడిపప్పు కొట్టే చోట పనిచేస్తోందని తెలిసి అత్తయ్య వెతుక్కుంటూ వెళ్ళారు. జీడి రసానికి ఆమె వేళ్ళు నల్లబడి, తోలు ఊడి ఉన్నాయట. అత్తయ్యకి పీట వేసి, మంచినీళ్ళిచ్చి, ఒక్కమాట అందట.

"మీరు చెప్పింది నిజమేనండి. కాకపోతే నాకు చెప్పలేదు. వాళ్ళకి చెప్పారు."

ఆ మనిషి తర్వాత రెండేళ్ళకే జబ్బుతో పోయింది. కడసారి ప్రార్థన చేయడానికి ఎవరూ వెళ్ళలేదు. అత్తయ్యకి కబురే అందలేదు. ఇదంతా చెప్పి, "అసహ్యం పడటానికి నేనెవర్నిరా" అన్నారు.

నేను చివరిసారి ఆమెను చూసింది పోయిన నెల. మంచంలో దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మాట్లాడితే ఆయాసం. ఆమెకి కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఉండి, మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపి, తలుపు వెయ్యమన్నారు. వేసి వచ్చి దగ్గర కూర్చున్నాను. ఈసారి తప్పు చెప్పుకోవాల్సింది ఆమే.

చెవి పోవడానికి ఏడాది ముందే, నా భార్య మణికట్టు మీద కమిలిన మచ్చ ఆమె చూశారట. అనుమానం వచ్చిందట. "అడుగుదామనుకున్నాను. వేటపాలెం గుర్తొచ్చింది. లేనిపోని నింద వేస్తానేమో, మళ్ళీ ఒకళ్ళని పోగొట్టుకుంటానేమో అని నోరు మూసుకున్నాను. ఆ ఏడాదిలోనే దాని చెవి పోయింది." ఊపిరి తీసుకుని, "ఒకసారి ఎక్కువ మాట్లాడాను, ఒకసారి తక్కువ మాట్లాడాను. రెండూ నావేరా" అన్నారు.

కొట్టింది నేను కదా అత్తయ్యా అన్నాను. "అది నీది. దాన్ని నేను తీసుకోను. ఇది నాది" అన్నారు. మీ తప్పేమీ లేదని చెప్పి ఆమెను ఊరడించాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఊరడింపు కోసం అబద్ధం ఆడటం ఆమె దగ్గర నేర్చుకోలేదు. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆమె కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారో లేదో తెలియలేదు.

భూస్థాపన రేపల్లెలో జరిగింది. ఆమె కోరిక అదే. మధ్యాహ్నం మబ్బు పట్టి, గాలి లేకుండా ఉక్కగా ఉంది. పాస్టరుగారు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరే వెళ్ళి పెట్టె మీద మట్టి వేశారు. రాత్రి వానకి మట్టి తడిసి ఉంది, చేతులకి అంటుకుంది. నా భార్యగా ఉండిన ఆమె కూడా వచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత చూడటం. జుట్టు అక్కడక్కడా నెరిసింది. స్కూలు నుంచి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచీ ఉంది. నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. ఏదైనా మాట్లాడాలనుకున్నాను. ఏం మాట్లాడినా అది నా కోసమే అవుతుందనిపించి ఊరుకున్నాను.

జనం పలచబడ్డాక సమాధుల తోట గేటు దగ్గరున్న కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడానికి వరస కట్టారు. నేను చివరన ఉన్నాను. నా ముందు ఆమె ఉంది. ఆమె వంగి, వేళ్ళ సందుల్లో మట్టి పోయేదాకా నెమ్మదిగా కడుక్కుని, పైట చెంగుతో తుడుచుకుంది. కుళాయి కట్టకుండానే పక్కకి జరిగి, గేటు దాటి, బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయింది. నీళ్ళు సన్నగా పడుతూనే ఉన్నాయి. నా కోసం వదిలిందో, మరిచిపోయిందో తెలీదు. నేను వంగి మట్టి చేతులు ఆ నీళ్ళ కింద పెట్టాను.