తక్కెడమ్మ పిడికిలి

మా ఇంట్లో ఇప్పుడు పాలకూరని బంగారంలా తూస్తున్నారు. నన్ను చూసుకోవడానికి వచ్చిన మా అమ్మాయి ఎక్కడినుంచో చిన్న గాజుపలక త్రాసు తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. దానిమీద గిన్నె పెట్టి, అంకె సున్నాకి వచ్చేదాకా ఆగి, ఒక్కో ఆకూ వేస్తుంది. ఒకటి ఎక్కువైతే తీసేస్తుంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, నోరు ఊరుకోక, "మీ అమ్మ ఉంటే ఈ మిషన్ని వీధిలో పారేసేది" అంటాను. "మీరెళ్ళి కూర్చోండి నాన్నా" అంటుంది. వెళ్ళి కూర్చుంటాను. కూర్చుంటే ఆవిడే గుర్తొస్తుంది.

మా ఆవిడ పుట్టింటివాళ్ళది ఆకుకూరల తోట. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకు తెలిసిన పని కట్టలు కట్టడం. పొద్దున్నే కోసిన పాలకూరని తడిగోనె మీద పోస్తే, ఎడమచేత్తో పిడికెడు తీసి, బాగా అదిమి, వేళ్ళకి బొటనవేలు సరిగ్గా తగిలేంత నింపి, నారతో చుట్టి పక్కన పడేసేది. కళ్ళు కట్టమీద ఉండేవి కావు, పక్కవాళ్ళ కబుర్లమీద ఉండేవి. కొనేవాళ్ళు మిగతావాళ్ళ కట్టల్ని పైకీ కిందకీ తిప్పి చూసి, సన్నగా ఉన్నాయని సణిగేవారు. ఆవిడ కట్టల్ని మాత్రం చూడకుండా బుట్టలో వేసుకునేవారు. ఒక దుకాణదారుకి అనుమానం పుట్టి, బుట్టెడు కట్టల్ని ఒక్కొక్కటే త్రాసులో వేసి చూశాడట. ఏ కట్టకీ ముల్లు అటూ ఇటూ కదలలేదట. ఆనాటినుంచి మార్కెట్లో ఆవిడ పేరు తక్కెడమ్మ.

నేను వడ్రంగిని. ఆ మార్కెట్లో బల్లలు చేయడానికి వెళ్ళాను. చెక్క కోసేముందు ఒకసారి కొలిచి, నమ్మకం చాలక మళ్ళీ కొలిచే అలవాటు నాది. కట్టలు కడుతూ నన్నే చూస్తున్న ఒక పిల్ల, "ఏమండీ, ఆ చెక్క ఈలోపల పెరుగుతుందా ఏంటి?" అంది. చుట్టుపక్కలవాళ్ళంతా గొల్లుమన్నారు. నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. ఆ కోపంలోనే పెళ్ళి చేసుకున్నానని బతికినన్నాళ్ళూ ఆవిడతో అన్నాను. "మీ కోపం ఎన్ని రోజులుందో నాకు తెలీదా" అనేది.

నా వర్క్‌షాప్ వెనకాల రెండు గదులు, చిన్న పెరడు, అదే మా కాపురం. మిగిలిపోయిన చెక్కలతో పొడవాటి పెట్టెలు చేసిచ్చాను. అందులో మట్టీ ఎరువూ కలిపి పాలకూర వేసింది. విత్తనాల్ని రాత్రంతా నానబెట్టి, పలచగా చల్లి, పైన వేలెడు మందం కూడా లేకుండా మట్టి కప్పేది. మొక్క లేచాక బయటి ఆకుల్నే గిల్లాలి, నడిమి చిగురు జోలికి పోకూడదు. నేను ఒకసారి మొదలంటా కోసి తెచ్చినందుకు రెండు రోజులు మూతి ముడుచుకుంది. ఎండలు ముదిరితే మొక్క పువ్వుకొస్తుంది, ఆకు చేదెక్కుతుందని, నా పాత దుప్పటి తీసుకెళ్ళి వాటికి నీడ కట్టింది. నేను చలికి వణికితే పట్టించుకోని మనిషి, వాటికి ఎండ తగిలితే నిద్రపోయేది కాదు.

వంటలోనూ అంతే పట్టుదల. తొట్టిలో ఆకుని ముంచి కడిగి పైకి ఎత్తాలేగానీ నీళ్ళు వంచకూడదు, వంచితే అడుగున చేరిన ఇసుకంతా మళ్ళీ ఆకుమీదే పడుతుంది. నూనెలో వెల్లుల్లి వేసి, ఆకుని దానికి అంటుకున్న తడితోనే వేసి, మూత పెట్టకుండా మగ్గనిచ్చేది. మూత పెడితే రంగు చస్తుందట. దించాక నిమ్మకాయ పిండేది, పులుపు ఉంటే ఆకులోని ఇనుము ఒంటికి పడుతుందని. నేను చిన్నప్పుడు ఆకుకూర చూస్తే పారిపోయినవాణ్ణి. ఆవిడ చేతిది అలవాటయ్యాక, కంచంలో ఆ పచ్చదనం లేకపోతే ముద్ద దిగేది కాదు.

అమ్మాయి కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకి నా గుండెలో ఒక కవాటం చెడింది. ఆపరేషన్ చేసి లోహంతో చేసింది పెట్టారు. ఇక జీవితాంతం రక్తాన్ని పలచన చేసే మాత్ర మింగాలన్నారు. రక్తం చిక్కబడితే ఆ కవాటం దగ్గర గడ్డకట్టి ప్రాణం మీదకొస్తుంది. మరీ పలచబడితే ఉలి తగిలిన చిన్న గీత కూడా ఆగదు, లోపలెక్కడైనా కారితే అసలు తెలియదు. రెండింటికీ మధ్య సన్నటి గట్టుమీద నేను నడవాలి. పైగా ఆకుకూరల్లో కె విటమిన్ ఉంటుందట, అది మాత్రకి ఎదురు పనిచేసి రక్తాన్ని చిక్కబరుస్తుందట. జాగ్రత్త అని డాక్టరమ్మ చెప్పింది.

ఆ మాట విన్న మా ఆవిడ ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా, పెట్టెల్లోని పాలకూరంతా పీకేసింది. వద్దంటే వినలేదు. ఖాళీ పెట్టెల పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? వర్క్‌షాప్ దగ్గరి క్యాంటీన్లో ఆకుకూర చేసిన రోజు రెండు మూడు ప్లేట్లు లాగించేవాణ్ణి. నా రక్తం ఒకసారి నీళ్ళు, ఒకసారి జిగురు. చివరికి డాక్టరమ్మ నిలదీస్తే నిజం కక్కాను. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి ఆపరేషనే నయమనిపించింది.

"అసలు తినొద్దని ఎవరన్నారమ్మా?" అంది డాక్టరమ్మ. "రోజూ ఒకే కొలతలో పెట్టండి. దానికి తగ్గట్టు మాత్ర నేను సరిచేస్తాను. తూచే మిషన్ ఉందా ఇంట్లో?"

"మిషన్ ఎందుకమ్మా, నా చెయ్యి ఉందిగా" అంది మా ఆవిడ.

మళ్ళీ పెట్టెలు పచ్చబడ్డాయి. రోజూ ఒక పిడికెడు. బంధువులొచ్చినా అంతే, నేను బతిమాలినా అంతే. ఇంకో నాలుగాకులు వెయ్యవే అంటే, "ఇప్పుడు నాలుగాకులంటారు, తర్వాత నన్ను వదిలేసి పోతానంటారు" అనేది. నవ్వుతూనే అనేది. నా రక్తం ఏళ్ళ తరబడి గట్టు దాటలేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

ఆ తర్వాత ఒక ఏడు నా రక్తం పలచబడటం మొదలైంది. డాక్టరమ్మ మాత్ర తగ్గించింది. మళ్ళీ పరీక్షకి వెళితే మళ్ళీ పలచన. ఉలి గీసుకుంటే గుడ్డ గుడ్డంతా తడిసిపోయింది. మా ఆవిడ నన్ను మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఆకుకూర తగ్గించారా పెద్దాయనా?" అని అడిగింది డాక్టరమ్మ. "కొత్త మందులేమైనా వాడుతున్నారా? మాత్ర రెండోసారి వేసుకుంటున్నారా?"

"మాత్ర ఆవిడే ఇస్తుంది. ఆకుకూర రోజూ పిడికెడే" అన్నాను.

ముక్కుమీద కోపం కదా మా ఆవిడకి, సంచిలోంచి డబ్బా తీసింది. అందులో పచ్చి పాలకూర. తనని అనుమానిస్తారని తెలిసే తెచ్చింది. ఎడమచేత్తో పిడికెడు తీసి డాక్టరమ్మ బల్లమీద పట్టుకుంది. "చూడండి, వేళ్ళకి బొటనవేలు తగిలింది. నా చిన్నప్పటినుంచీ ఇదే కొలతమ్మా."

డాక్టరమ్మ ఆ పిడికిట్లోకి తన వేలు పెట్టింది. ఆకుల మధ్యకి సులువుగా దూరిపోయింది. ఒకప్పుడు ఆవిడ కట్టిన కట్టలో ఈనెపుల్ల దూరేది కాదు. ఆవిడకి ఇప్పుడు అదిమే బలం లేదు. వదులుగా ఉన్న కాసిన్ని ఆకులకే పిడికిలి నిండిపోతోంది.

డాక్టరమ్మ ఆకుల్ని పక్కన పెట్టి ఆ చేతిని పట్టుకుంది. "ఈ ఉంగరానికి దారం ఎప్పుడు చుట్టారమ్మా?"

"జారిపోతోందని... వానల ముందు."

"మొత్తం అప్పుడే చుట్టారా?"

"అప్పుడు కాస్త. తర్వాత ఇంకాస్త."

వంగి చూశాను. లోపలి దారం మాసిపోయి ఉంది, పైది తెల్లగా ఉంది.

"ఆకలేస్తోందా? తింటున్నారా?"

మా ఆవిడ నావైపు చూసి తల దించుకుంది. "వయసు మీదపడట్లేదా అమ్మా, అంతే. నా సంగతికేం గానీ, ముందు ఆయన సంగతి చూడండి. అందుకే వచ్చాం."

"ఆయనకి మాత్ర సరిచేస్తే సరిపోతుంది" అంటూ డాక్టరమ్మ నా ఫైలు మూసేసింది. "మీరిలా వచ్చి కూర్చోండి."

ఆ గదిలో రోగి కూర్చునే స్టూలు ఒక్కటే. ఇన్నేళ్ళూ దానిమీద నేను కూర్చుంటే, ఆవిడ నా వెనక నిలబడేది. నేను లేచి, ఆవిడని కూర్చోబెట్టి, వెనక నిలబడ్డాను.