కోడలి ఉలికిపాటు

నా కోడలి కుడి కన్ను పోతుందేమోనని మేమంతా భయపడిన వారం గురించి రాస్తున్నాను. నా చదువు మూడో తరగతితో ఆగింది. జరిగింది జరిగినట్టు రాయడమే నాకు వచ్చు.

మాది గురజాల. కొడుకు సున్నపురాయి టిప్పర్ తోలుతాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. మిగతా రోజులు ఇంట్లో నేనూ కోడలూ. ఆమె ముందు గదిలో మిషను మీద జాకెట్లు కుడుతుంది, నేను ఇల్లు చూస్తాను. చూడటమంటే నిజంగా చూడటమే. పొద్దున్నే నూనె నేనే కొలిచి పోస్తాను. బీరకాయ చెక్కు మందంగా తీసిందేమోనని చెత్తబుట్టలో చూస్తాను. మిషను వెనక నిలబడి దారం ఎంత తెంపి పారేస్తుందో గమనిస్తాను. ఇంట్లో చెప్పులు వేసుకోను కాబట్టి నేను వచ్చిన చప్పుడు ఉండదు. ఆమె తిరిగేసరికి వెనక నేనుంటాను. ఉలిక్కిపడుతుంది.

ఎందుకు ఉలిక్కిపడాలి? తప్పు చేయని మనిషికి ఉలుకెందుకు? పదకొండేళ్ళుగా నా ఆలోచన ఇదే. ఉలిక్కిపడిన ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా కనిపెట్టాను.

కిందటేడు నుంచి ఆమెకు ఎప్పుడూ ఏదో ఒకటి. నోరు పూసేది. పచ్చడి దొంగచాటుగా తింటోందని జాడీ మీద బొగ్గుతో గీత గీశాను. పచ్చడి గీత దిగలేదు, నోరు మాత్రం మళ్ళీ పూసింది. జలుబు వచ్చిందంటే పోయేది కాదు. తలంటుకుని ఫ్యాను కింద కూర్చుంటోందనుకున్నాను. వేల్లో మిషను సూది దిగితే ఆ గాయం నెలైనా మానలేదు. పని తప్పించుకోవడానికి తనే గిల్లుకుంటోందేమోనని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాయాలంటే సిగ్గుగానే ఉంది.

ఒక సోమవారం నుదుటికి కుడి పక్క మంటగా ఉందని చెప్పింది. మర్నాటికి అక్కడ ఎర్రగా పొక్కులు లేచాయి.

"ఏం పూశావే మొహానికి?" అని నిలదీశాను.

"ఏం పూయలా అత్తా."

"పూయకుండా ఊరికే లేస్తయ్యా?"

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "అక్కి గదా వదినా అది! కుమ్మరాయన చేత బొమ్మ రాయించు, ఆరిపోయిద్ది" అంది.

మా వైపు అక్కి లేస్తే కుమ్మరి చేత జేగురు మట్టితో సింహం బొమ్మ రాయిస్తారు. పరగడుపున మూడు రోజులు రాయించాలి. కుమ్మరాయన దీనికి డబ్బులు పుచ్చుకోడు. ఏమీ పుచ్చుకోకుండా ఎందుకు చేస్తాడో అని నాకు అనుమానమే. అయినా ఖర్చు లేని వైద్యం కదా అని బుధవారం తీసుకెళ్ళాను. రెండో రోజుకి పొక్కులు రెప్ప మీదికీ ముక్కు కొస మీదికీ దిగాయి. ఆయన బొమ్మ గీసే పుల్ల కింద పెట్టేశాడు.

"నడుం మీదైతే రాస్తా గానీ కంటి జోలికి నేను పోను పెద్దమ్మా. ఇయ్యాలే నరసరావుపేట తీసుకుపో."

"మూడు రోజులు రాస్తేనే బలం అన్నావుగా?"

"కన్ను పోయాక బలం ఏం చేసుకుంటావు?"

ఈయన ఆ ఊరి డాక్టర్లతో ఏమన్నా మాట్లాడుకున్నాడా అనిపించింది. శుక్రవారం పొద్దున నేనే జేగురు అరగదీసి గీశాను. సింహం కాస్తా పిల్లిలా వచ్చింది. మధ్యాహ్నానికి రెప్ప వాచి కన్ను మూసుకుపోయింది. అప్పుడు పరిగెత్తాం.

కంటి డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. కోడలి నుదుటి మీద ఎర్ర గీతలు తుడిచి, "ఇన్ని రోజులు ఏం చేశారు? మందు ఎప్పుడో మొదలవ్వాల్సింది. నల్లగుడ్డు సంగతి వారం పోతేగానీ చెప్పలేను" అంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ ఒంట్లోనే దాక్కుని ఉంటుందట. ఒంట్లో రోగాన్ని అడ్డుకునే శక్తి తగ్గినప్పుడు ఇలా లేస్తుందట. ఎక్కువగా పెద్ద వయసువాళ్ళకి వచ్చేది ముప్పై రెండేళ్ళ మనిషికి ఎందుకొచ్చిందని రక్తం పరీక్షకు పంపింది. షుగర్ లేదు. బీపీ మాత్రం ఎక్కువ చూపించింది.

"ఇంట్లో ఏమన్నా దిగులా అమ్మా?" అని కోడలిని అడిగింది.

"దిగులేంది? మూడు పూటలా తింటది" అన్నాను.

డాక్టరమ్మ నా వంక చూసింది. "మీరు కాసేపు బయట కూర్చోండి పెద్దమ్మా."

బయట కూర్చున్నాను, తలుపు పక్కనే. మాటలు సరిగా వినబడలేదు. చాలాసేపటికి లోపలికి పిలిచి, మళ్ళీ చూస్తే బీపీ దిగిందని చెప్పింది.

"మీ మిషను చెడిపోయింది. నాకు పెట్టు" అన్నాను.

పెట్టింది. నా బీపీ నిక్షేపంగా ఉంది.

"మిషను బానే ఉంది పెద్దమ్మా. రోజూ బెదురుతో బతికితే ఒంట్లో కాపలా తగ్గిపోతుంది. నోటిపూత, జలుబు, మానని వేలు, ఇప్పుడిది, అన్నింటికీ బెదురే కారణమని ఒట్టు వేయను గానీ, నాకైతే అదే అనుమానం. మందులు నేనిస్తా. బెదురు మీరు తగ్గించాలి."

నా మీద ఏం చెప్పిందోనని దారంతా కోడలి మొహం చూస్తూనే ఉన్నాను. అడిగితే, "ఏం చెప్పలా అత్తా" అంది. నేను నమ్మలేదు.

డాక్టరమ్మ మాటా నమ్మలేదు. సొంతంగా పరీక్ష పెట్టాను. కోడలు వసారాలో ఒంటి కన్నుతో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. గోడ చాటు నుంచి దగ్గాను. కాయ చిట్లే చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. పక్కింటావిడ దగ్గింది, ఆగలేదు. నేను దగ్గాను, ఆగింది. మూడుసార్లు చూశాను. తప్పు చేస్తే ఉలుకనుకున్నాను గానీ, కాయలు ఒలవడంలో తప్పేముంది? గోడకి ఆనుకుని అక్కడే నిలబడిపోయాను.

అప్పటి నుంచి గదిలోకి వెళ్ళే ముందు, "వస్తన్నానే" అని కేక వేసేదాన్ని. మాత్ర రోజుకి ఐదుసార్లు. ఇచ్చేసి పక్కింటి అరుగు మీదికి పోయేదాన్ని. కోడలికి ఇదీ అనుమానమే అయింది.

"ఏందత్తా, ఇంట్లో ఉండట్లా? ఒంట్లో బాలేదా? నా మీద కోపమా?"

"కోపం లేదు, ఏం లేదు. మందేసుకో."

"మరి నూనె కొలవలేదు ఇయ్యాల."

"నువ్వే పోసుకో. ఎక్కువ పోయమాక."

ఆ చివరి మాట అనకుండా ఉండలేకపోయాను.

వారం తర్వాత డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. కుడి కంటితో గోడ మీది అక్షరాలు చదివించింది. కింది వరసలో ఒక్కటి తడబడింది, మిగతావి చదివింది. "కన్ను దక్కింది. నుదుటి మీద మచ్చ ఉండొచ్చు" అంది. మందుకి దక్కిందో, నేను అరుగెక్కినందుకు దక్కిందో, కుమ్మరాయన ఒక్కరోజు బొమ్మకి దక్కిందో నాకు తెలియదు. అడిగితే మందే అంది. ఆమె అలాగే అంటుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కోడలు, ఇవతల నేను. ఊరు దాటగానే ఆమె తల నా భుజం మీదికి వాలింది. ఈ పదకొండేళ్ళలో నా పక్కన కూర్చుని ఆమె కునికింది లేదు. నిజంగా నిద్రేనా, నటిస్తోందా? మెడ వంచి చూశాను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఊపిరి నిదానంగా ఆడుతోంది. పిడుగురాళ్ళలో బస్సు ఆగినప్పుడు లేచి నడుం చాపుకుందామనుకున్నాను. లేవలేదు.