మాలినోయ్ కాసిన మంద

పోలీసు కుక్కలకి తర్ఫీదిచ్చి రిటైరైన పెద్దాయన, తనతోపాటే రిటైరైన మాలినోయ్ జాతి కుక్కని ఇంటికి తెచ్చుకున్నాడు. వాసన పట్టిందంటే దొంగ దొరికినట్టే. పని లేకపోతే మాత్రం దానికి కాలు నిలవదు.

మనవరాలి పుట్టినరోజున బంధువులందర్నీ పెరట్లో ఫోటోకి నిలబెట్టేసరికి ఫోటోగ్రాఫర్‌కి తలప్రాణం తోకకొచ్చింది. ప్రహరీగోడ విషయంలో పంతాలకి పోయి మాటలు మానేసిన పెద్దాయన తమ్ముళ్లిద్దరూ చెరో మూల నిలబడ్డారు, వాళ్ల పంతాలు పాడుగాను. అంతలో కుక్క లేచింది. అందరి చుట్టూ తిరుగుతూ, మడమల మీద మూతితో పొడుస్తూ ఒక్కచోటికి తోలేసింది. తమ్ముళ్లు భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. కదలబోతే గుర్రుమంది.

“పోలీసు కుక్కకి ఇదేం బుద్ధండీ?” అంది పెద్దాయన భార్య.

“దీని తాతముత్తాతలు బెల్జియంలో గొర్రెలు కాసినవేనే. మంద కనిపిస్తే ఊరుకుంటుందా?” అని ఫోటోగ్రాఫర్ పక్కన నిలబడ్డ ఆయన పడీపడీ నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే అది ఆయన పంట్లాం పట్టి లాక్కెళ్లి తమ్ముళ్ల మధ్య నిలబెట్టింది.